గంధకం ఎక్కడ ఆగుతుంది?

రసాయన సమీకరణాలు తూచడం వచ్చినవాళ్లకు ఒక చిన్న లెక్క. బాణం గుర్తుకు ఎడమవైపు 3 మోల్‌ల కాపర్ సల్ఫైడ్, 8 మోల్‌ల నైట్రిక్ ఆమ్లం రాయండి. కుడివైపు ఏం రాయాలి? 3 కాపర్ నైట్రేట్, 3 గంధకం, 2 నైట్రిక్ ఆక్సైడ్, 4 నీళ్లు అని ఒక కుర్రాడు రాశాడనుకుందాం. పక్క బెంచీలో అమ్మాయి 3 కాపర్ సల్ఫేట్, 8 నైట్రిక్ ఆక్సైడ్, 4 నీళ్లు అని రాసింది. పరమాణువులు లెక్కపెట్టి చూడండి. ఇద్దరి దగ్గరా రెండువైపులా రాగి 3, గంధకం 3, హైడ్రోజన్ 8, నత్రజని 8, ఆక్సిజన్ 24. రెండు సమీకరణాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా తూగుతున్నాయి. మాస్టారు ఎవరికి మార్కులు వేయాలి?

సమీకరణాన్ని ఎంతసేపు చూసినా తేలదు. ఆమ్లంలో నీళ్ల వాటా ఎంత, పరీక్షనాళిక కింద మంట ఎంతసేపు ఉంది అని అడిగితే తేలుతుంది. లోహ సల్ఫైడ్ మీద నైట్రిక్ ఆమ్లం పోస్తే ఏం పుడుతుందనేది ఆ రెండు పదార్థాల పేర్లను బట్టి మాత్రమే కాక ఆమ్లం గాఢతను బట్టి నిర్ణయమవుతుంది. ఇది పుస్తకంలో అడుగున వేసే చిన్న వివరణలాంటి విషయం కాదు. డిగ్రీ ల్యాబ్‌లో విద్యార్థి సీసాన్ని కనిపెట్టాడా, పోగొట్టుకున్నాడా అన్నదీ, గని నుంచి వచ్చిన ఖనిజంలో లోహం ఎంత ఉందో సరిగ్గా చెప్పగలిగారా అన్నదీ దీనిమీదే ఆధారపడి ఉంటాయి.

ముందు ఆమ్లం సంగతి. ల్యాబ్‌లో 'గాఢ' అని చీటీ అంటించిన సీసాలో ఉండేది నూటికి నూరుపాళ్లు నైట్రిక్ ఆమ్లం కాదు. బరువులో 68 నుంచి 70 శాతం ఆమ్లం, మిగతాది నీరు. లీటరుకు సుమారు 16 మోల్‌లు. ఈ అంకె ఎవరో సౌకర్యం కోసం పెట్టుకున్నది కాదు. పలచని నైట్రిక్ ఆమ్లాన్ని మరిగిస్తూ పోతే నీరు ఎక్కువగా పోయి ఆమ్లం చిక్కబడుతుంది. 68 శాతం దగ్గరకు వచ్చేసరికి, సుమారు 120 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఆవిరిలోనూ ద్రవంలోనూ పాళ్లు సమానమైపోతాయి. అక్కడి నుంచి ఎంత మరిగించినా ఇంకా చిక్కబడదు. ఆ గాఢ ఆమ్లానికి సమాన ఘనపరిమాణంలో నీళ్లు కలిపితే వచ్చేదాన్ని ల్యాబ్ మాన్యువళ్లు 50 శాతం ఆమ్లం అంటాయి. దాంట్లో లీటరుకు సుమారు 8 మోల్‌లు. పేరుకు సజలమే కానీ, చర్మం మీద పడితే పసుప్పచ్చ మచ్చ తప్పదు.

ఇక సల్ఫైడ్లు. గుణాత్మక విశ్లేషణలో రెండో గ్రూపు చేసినవాళ్లకు ఇవి పాత పరిచయస్తులే. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలోకి హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువును పంపితే సీసం, రాగి, పాదరసం నల్లగా, బిస్మత్ ముదురు గోధుమరంగులో, కాడ్మియం పసుప్పచ్చగా అడుగుకు దిగుతాయి. కుళ్లిన గుడ్డు వాసన కారిడార్ అంతా పాకుతుంది. ఈ పద్ధతిని క్రమబద్ధం చేసి పుస్తకంగా వేసిన జర్మన్ రసాయనవేత్త కార్ల్ రెమిగియస్ ఫ్రెసీనియస్ 1841లో ఇంకా విద్యార్థే. మన దేశపు కళాశాలల్లో తరాల తరబడి చేతులు మారుతూ వచ్చిన ఆర్థర్ వోగెల్ పుస్తకం 1937లో వచ్చింది. ఇన్నేళ్లలో పరికరాలు మారాయి, వాయువుకు బదులు థయోఎసిటమైడ్ వచ్చింది. కానీ నల్లటి అవక్షేపాన్ని నైట్రిక్ ఆమ్లంతో మరిగించే మెట్టు మాత్రం అక్కడే ఉంది.

నైట్రిక్ ఆమ్లమే ఎందుకు? హైడ్రోక్లోరిక్ ఆమ్లం చవక, ఘాటు తక్కువ, దాంతో పని కాదా? ఐరన్ సల్ఫైడ్ అయితే అవుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తయారుచేసే కిప్ పరికరంలో జరిగేది అదే. నీటిలో కాస్తోకూస్తో విడివడే సల్ఫైడ్ అయాన్‌ను ఆమ్లపు హైడ్రోజన్ అయాన్లు పట్టుకుని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా బయటకు తోలేస్తాయి. ఆ లోటు పూడ్చడానికి ఘనపదార్థం ఇంకొంచెం కరుగుతుంది. అలా మొత్తం కరిగిపోతుంది. కాపర్ సల్ఫైడ్ దగ్గర ఈ ఎత్తు పారదు. దాని ద్రావణీయతా లబ్ధం 10కి మైనస్ 36వ ఘాతం స్థాయిలో ఉంటుంది. పట్టుకుందామన్నా ద్రావణంలో సల్ఫైడ్ అయాన్లు దొరకవు.

నైట్రిక్ ఆమ్లం గంధకం అయాన్‌గా బయటకు వచ్చేదాకా ఆగదు, దాని ఎలక్ట్రాన్లనే లాగేస్తుంది. సల్ఫైడ్‌లో గంధకం ఆక్సీకరణ సంఖ్య మైనస్ 2. రెండు ఎలక్ట్రాన్లు పోతే అది సున్నా అవుతుంది, మనకు తెలిసిన పసుప్పచ్చని గంధకం. అక్కడితో ఆగకుండా మరో ఆరు పోతే ప్లస్ 6, అంటే సల్ఫేట్. మొదటి మజిలీకి 2 ఎలక్ట్రాన్లు, చివరి మజిలీకి మొత్తం 8. పైన చెప్పిన కుర్రాడి సమీకరణంలో గంధకం మొదటి మజిలీలో దిగిపోయింది. అమ్మాయి సమీకరణంలో చివరిదాకా వెళ్లింది.

రెండు పరీక్షనాళికల్లో కొద్దికొద్దిగా కాపర్ సల్ఫైడ్ తీసుకుని చూస్తే ఈ తేడా కంటికే తెలుస్తుంది. మొదటిదాంట్లో 50 శాతం ఆమ్లం పోసి మెల్లగా వేడిచేస్తే కాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తరువాత నల్లని రేణువుల చుట్టూ సన్నని బుడగలు మొదలవుతాయి. ద్రవం పైన, నాళిక లోపల, వాయువుకు దాదాపు రంగుండదు; మూతి దగ్గర గాలి తగిలేచోట మాత్రం గోధుమరంగు తిరుగుతుంది. ద్రవం నీలంగా మారుతుంది. నల్లని మడ్డి తగ్గుతూ, పాల మీద మీగడ తేలినట్టు బూడిదరంగు ముద్ద ఒకటి పైకి తేలుతుంది. దాన్ని గాజుకడ్డీతో బయటకు తీసి వాచ్‌గ్లాస్ మీద నొక్కితే లోపల పసుపు కనిపిస్తుంది. అది గంధకం. పైకి బూడిదరంగు ఎందుకంటే ఇంకా కరగని నల్లని సల్ఫైడ్ తునకలు కొన్ని ఆ ముద్దలో చిక్కుకుపోయి ఉంటాయి. దీన్ని చూసి, ఈ ఆమ్లంలో కరగని నల్లని పాదరసం సల్ఫైడ్ అనుకుని, పాదరసం ఉందని రాసేసే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ముద్ద నీటిమీద తేలుతోందా, పొడిలా అడుగున ఉందా అని ఒక్క నిమిషం చూస్తే చాలు.

రెండో నాళికలో గాఢ ఆమ్లం. వేడి తగలగానే ద్రవం అడుగు నుంచే గోధుమరంగు పొగ లేస్తుంది. నల్లదనం చకచకా పోతుంది. మరిగించే కొద్దీ, మొదట్లో కనిపించిన పసుపు తునకలు కూడా కరిగిపోయి, చివరికి మిగిలేది నీలి ద్రావణం ఒక్కటే. అందులో బేరియం క్లోరైడ్ చుక్కలు వేస్తే తెల్లని అవక్షేపం దిగుతుంది. గంధకం ఎక్కడికీ పోలేదు, సల్ఫేట్‌గా మారి ద్రావణంలోనే ఉంది.

ఇక్కడ వాయువుల సంగతి కూడా చెప్పుకోవాలి. సజల ఆమ్లంతో నైట్రిక్ ఆక్సైడ్, గాఢ ఆమ్లంతో నైట్రోజన్ డయాక్సైడ్ అని పుస్తకాల్లో బట్టీపట్టిస్తారు. కారణం అడిగితే చాలామంది 'అది అంతే' అంటారు. నిజానికి కారణం తేలికైనది. నైట్రోజన్ డయాక్సైడ్ నీటితో కలిస్తే నైట్రిక్ ఆమ్లం, నైట్రిక్ ఆక్సైడ్ వస్తాయి. ఇదే చర్య వెనక్కి కూడా నడుస్తుంది: నైట్రిక్ ఆక్సైడ్‌ను చిక్కని నైట్రిక్ ఆమ్లం తిరిగి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మార్చేస్తుంది. నీళ్లు ఎక్కువున్నచోట తక్కెడ ఒకవైపు, ఆమ్లం ఎక్కువున్నచోట రెండోవైపు మొగ్గుతుంది. కాబట్టి గాఢ ఆమ్లంలో మొదట ఏ ఆక్సైడ్ పుట్టినా బయటకు వచ్చేది మాత్రం గోధుమరంగుదే. సజల ఆమ్లం నుంచి వచ్చిన రంగులేని వాయువు కూడా నాళిక మూతి దగ్గర గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గోధుమరంగుకు తిరుగుతుంది. పొగ ఎక్కడ రంగు తిరుగుతోందో చూసి ఆమ్లం బలం అంచనా వేయవచ్చు.

దీన్నిబట్టి విచిత్రమైన విషయం ఒకటి బయటపడుతుంది. నైట్రిక్ ఆక్సైడ్‌గా మారే ఒక్కో నైట్రేట్ 3 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారేది ఒక్కటే తీసుకుంటుంది. అంటే అణువుకు ఇంత అని లెక్కవేస్తే సజల ఆమ్లమే ఎక్కువ తింటోంది! అందుకే గాఢ ఆమ్లంతో ఒక మోల్ కాపర్ సల్ఫైడ్‌ను సల్ఫేట్ చేయడానికి 8 మోల్‌ల ఆమ్లం ఖర్చవుతుంది. నైట్రిక్ ఆక్సైడ్ వచ్చే దారిలో అంతే ఆమ్లం 3 మోల్‌ల సల్ఫైడ్‌కు సరిపోతుంది. అయినా గంధకాన్ని చివరిదాకా తరిమేది గాఢ ఆమ్లమే.

ఎందుకు? శక్తి లెక్కలు చూస్తే సజల ఆమ్లానికీ ఆ సత్తా ఉంది. ఆమ్ల ద్రావణంలో నైట్రేట్ నైట్రిక్ ఆక్సైడ్‌గా మారే ప్రమాణ పొటెన్షియల్ 0.96 వోల్ట్లు. సల్ఫేట్, గంధకం జంటకు అది సుమారు 0.36 మాత్రమే. దారి మొత్తం పల్లమే. కాకపోతే వేగం లేదు. గంధకం ఒకసారి విడిగా పుట్టిందంటే ఎనిమిది పరమాణువులు ఉంగరంలా కూడుకుంటాయి. ఆ ఉంగరానికి నీరంటే పడదు, తడవదు, కరగదు. పలచని ఆమ్లం దాని చుట్టూ తిరుగుతుందే గానీ లోపలికి దిగలేదు. చిక్కని వేడి ఆమ్లంలో నైట్రస్ ఆమ్లం, నైట్రోజన్ డయాక్సైడ్ లాంటి చురుకైన నత్రజని సమ్మేళనాలు దండిగా ఉంటాయి కాబట్టి ఆ ఉంగరం తెగుతుంది. నైట్రిక్ ఆమ్లపు ఆక్సీకరణ చర్యలు చాలా వాటిలో అసలు పని మొదలుపెట్టేది నైట్రస్ ఆమ్లమే. చర్య జరిగేకొద్దీ అది తానే ఇంకా పుడుతుంది, చర్య ఇంకా జోరందుకుంటుంది. మొదటి నాళికలో కాసేపు ఏమీ జరగనట్టు అనిపించి తరువాత ఒక్కసారిగా పొంగు రావడం వెనక ఉన్నది ఇదే. నైట్రస్ ఆమ్లాన్ని తినేసే యూరియా కొంచెం వేస్తే జోరు తగ్గడం కూడా దీనికి సాక్ష్యం.

అయితే వేడి ఎక్కువైతే అన్నీ మంచికే అనుకోకూడదు. గంధకం సుమారు 115 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుంది. మరిగే గాఢ ఆమ్లం అంతకంటే వేడిగా ఉంటుంది. సన్నని పొడిగా ఉన్న గంధకం కరిగి పూసల్లా ముద్దకడితే ఆమ్లానికి తగిలే ఉపరితలం తగ్గిపోతుంది. ఆ పూసల లోపల సల్ఫైడ్ కూడా ఇరుక్కుంటుంది. ఖనిజాల్లో గంధకం పాలు తేల్చే రసాయన విశ్లేషకులు ఐరన్ పైరైట్ పొడి మీద ఎడాపెడా వేడి ఆమ్లం పోయకపోవడానికి కారణం ఇదే. ముందు కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో కరిగించిన బ్రోమిన్‌తో చల్లగా నాననిచ్చి, తరువాత గాఢ నైట్రిక్ ఆమ్లం పోసి, చివర్లో వేడిచేయడం పాత పద్ధతి. గంధకం పూసకట్టే అవకాశం రాకముందే సల్ఫేట్ అయిపోతుంది. ఆపైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ఒకటికి రెండుసార్లు ఇగిర్చి నైట్రేట్‌ను పోగొట్టి, బేరియం క్లోరైడ్ కలిపి, దిగిన బేరియం సల్ఫేట్‌ను వడగట్టి కాల్చి తూస్తారు. తూకంలో 13.74 శాతం గంధకం. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటలో గుట్టలుగా తవ్వి తీసే ముగ్గురాయి కూడా ఈ బేరియం సల్ఫేటే. నీటిలో అది ఎంత మొండిగా కరగకుండా ఉంటుందో, తూకానికి అంత నమ్మకం.

రాగి విషయంలో గంధకం ఎక్కడ ఆగినా పెద్ద నష్టం లేదు. కాపర్ నైట్రేట్, కాపర్ సల్ఫేట్ రెండూ నీటిలో సుబ్బరంగా కరుగుతాయి, రెండూ నీలమే. సీసం దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరుగుతుంది.

లెడ్ సల్ఫైడ్‌ను 50 శాతం ఆమ్లంతో మితంగా మరిగిస్తే లెడ్ నైట్రేట్ ద్రావణంలోకి పోతుంది, గంధకం పైకి తేలుతుంది. గాఢ ఆమ్లం పోసి మరిగిస్తే నల్లని పొడి చూస్తుండగానే తెల్లబడుతుంది. అది లెడ్ సల్ఫేట్. లీటరు నీటిలో 40 మిల్లీగ్రాములకు కాస్త అటూఇటూ తప్ప కరగదు. గంధకం చివరి మజిలీ చేరడం వల్ల సీసం మళ్లీ ఘనపదార్థంలోనే బందీ అయిపోయిందన్నమాట. విద్యార్థి వడపోసి, పైన మిగిలిన మడ్డి పాదరసం కోసమని పక్కన పెడతాడు. కిందికి దిగిన ద్రావణంలో సీసం కోసం వెతుకుతాడు. అక్కడ అది లేదు, లేదా ఆనవాలుగా మాత్రమే ఉంది. మిక్చర్‌లో సీసం లేదని రాసేస్తాడు. తప్పు అతని వెతుకులాటలో లేదు, అంతకు పది నిమిషాల ముందు షెల్ఫ్ మీంచి అందుకున్న సీసాలో ఉంది.

ఇదే సంగతి పెద్ద ల్యాబ్‌లకూ వర్తిస్తుంది. పల్నాడులోని బండ్లమోటు దగ్గర హిందుస్థాన్ జింక్ ఒకప్పుడు తవ్విన ఖనిజం గెలీనా, అంటే ఈ లెడ్ సల్ఫైడే. అలాంటి నమూనాను యంత్రంలో కొలిచే ముందు ఆమ్లంలో కరిగించాలి. తొందరపడి గాఢ నైట్రిక్ ఆమ్లం పోస్తే సీసం తెల్లని మడ్డిగా అడుగున కూర్చుంటుంది, లక్షల ఖరీదు చేసే యంత్రం తనకు అందిన ద్రావణాన్ని మాత్రమే కొలిచి తక్కువ అంకె చూపిస్తుంది. అందుకే ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో వేడిచేసి గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్‌గా సాగనంపి, ఆ తరువాతే నైట్రిక్ పోయడం మంచిది. గెలీనా వేడి హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి లొంగుతుంది కాబట్టి ఇది కుదురుతుంది. గంధకమే లేకపోతే సల్ఫేట్ ఎలా వస్తుంది?

అన్నట్టు, నల్లని లెడ్ సల్ఫైడ్ తెల్లని లెడ్ సల్ఫేట్ కావడం అన్నిచోట్లా చెడ్డపని కాదు. సీసపు తెల్లరంగు వాడిన పాత తైలవర్ణ చిత్రాలు గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలి నల్లబడితే, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తుడిచి తెలుపు తెప్పిస్తారని ఇంటర్ పుస్తకంలో చదువుకున్నదే. అక్కడ ఆక్సీకరణం పెరాక్సైడ్ చేస్తుంది. ఎనిమిది ఎలక్ట్రాన్ల ప్రయాణం మాత్రం అదే.

ఇక పాదరసం. మెర్క్యురిక్ సల్ఫైడ్ మన పెద్దలకు కొత్తది కాదు. ఎర్రగా ఉంటే ఇంగిలీకం; ఆయుర్వేదంలో పాదరసం, గంధకం కలిపి నూరితే వచ్చే నల్లని కజ్జలిలోనూ ఉండేది ఇదే. దాని ద్రావణీయతా లబ్ధం 10కి మైనస్ 52వ ఘాతం స్థాయిలో ఉంటుంది. కాగితం మీద లెక్కవేస్తే ఒక్క సల్ఫైడ్ అయాన్ కోసం వంద లీటర్లకు పైగా నీరు వెతకాలి. 50 శాతం నైట్రిక్ ఆమ్లంలో ఎంత మరిగించినా అది నల్లగానే ఉంటుంది. రెండో గ్రూపులో మిగతా వాటి నుంచి పాదరసాన్ని విడదీసేది ఈ మొండితనమే. హైడ్రోక్లోరిక్, నైట్రిక్ ఆమ్లాల మిశ్రమమైన ఆక్వా రీజియా పోస్తే మాత్రం లొంగుతుంది. ఎందుకంటే అక్కడ ఇద్దరు కలిసి పనిచేస్తారు: నైట్రిక్ ఆమ్లం గంధకాన్ని ఆక్సీకరిస్తుంది, క్లోరైడ్ అయాన్లు నాలుగేసి చొప్పున పాదరసాన్ని చుట్టుకుని తిరిగి వెళ్లనీయవు. ఇద్దరిలో ఏ ఒక్కరి వల్లా పూర్తయ్యే పని కాదు.

మరి ఆక్వా రీజియాకు బదులు గాఢ నైట్రిక్ ఆమ్లంతోనే గంటలకొద్దీ మరిగిస్తే? అప్పుడు మెర్క్యురిక్ సల్ఫైడ్ కూడా మెల్లగా తెల్లబడుతుంది. కరగదు. మెర్క్యురిక్ నైట్రేట్, మెర్క్యురిక్ సల్ఫైడ్ కలిసిన తెల్లని ద్వంద్వ సమ్మేళనంగా మారుతుంది. ఇప్పుడు వడపోత కాగితం మీద తెల్లని పొడి ఉంది. అది సీసమో పాదరసమో రంగు చెప్పదు. వేడి అమ్మోనియం ఎసిటేట్ ద్రావణం పోసి చూడాలి. లెడ్ సల్ఫేట్ అయితే కరిగిపోతుంది, ఆ ద్రావణంలో పొటాషియం క్రోమేట్ వేస్తే పసుప్పచ్చని లెడ్ క్రోమేట్ దిగుతుంది. పాదరసపు పొడి అలాగే ఉండిపోతుంది. సరైన గాఢతలో మొదలుపెట్టి ఉంటే ఈ చిక్కుముడి పడేదే కాదు.

హరిదళం, అంటే ఆర్సెనిక్ సల్ఫైడ్, గాఢ ఆమ్లంలో పూర్తిగా కరిగి ఆర్సెనిక్ ఆమ్లం, సల్ఫ్యూరిక్ ఆమ్లం ఇస్తుంది; సమీకరణాలు తూచే పరీక్షల్లో విద్యార్థులను ఏడిపించే 3, 28, 4 అంకెలు దీనివే. యాంటిమొనీ, తగరం సల్ఫైడ్లు అదే ఆమ్లంలో కరగని తెల్లని ఆక్సైడ్లుగా మిగులుతాయి. ఒక్కో లోహానికి ఒక్కో తీరు.

ఐరన్ పైరైట్‌ది ఇంకో తీరు. దాంట్లో గంధకాలు జంటగా ఉంటాయి, ఒక్కోదాని ఆక్సీకరణ సంఖ్య మైనస్ 1. హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాన్ని ముట్టుకోలేదు. నైట్రిక్ ఆమ్లం పలచనిదైనా వేడిచేస్తే కరిగిస్తుంది. బొగ్గులో పైరైట్ ఎంత ఉందో తేల్చడానికి ఈ తేడానే వాడతారు. ముందు సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సల్ఫేట్లనూ, పైరైట్‌కు చెందని ఇనుమునూ కడిగేస్తారు. తరువాత ఒక పాలు గాఢ ఆమ్లానికి ఏడు పాళ్లు నీళ్లు కలిపిన నైట్రిక్ ఆమ్లంతో పైరైట్‌ను కరిగిస్తారు. ఆమ్లాన్ని అంత పలచన చేయడం పొదుపు కోసం కాదు. చిక్కగా పోస్తే బొగ్గు కూడా ఆక్సీకరణకు గురై, అందులోని సేంద్రియ గంధకం కూడా కలిసి వచ్చేస్తుంది. అప్పటికీ పూర్తి నమ్మకం లేక, ద్రావణంలో గంధకాన్ని కాకుండా ఇనుమును కొలిచి, ఆ లెక్కతో పైరైట్ గంధకాన్ని రాబడతారు. విశ్లేషణలో ఇంత ముందుచూపున్న పద్ధతులు తక్కువ.

కర్మాగారాల్లో సల్ఫైడ్ ఖనిజాలను నైట్రిక్ ఆమ్లంతో కరిగిస్తే పోలేదా అని ఎవరికైనా అనిపించవచ్చు. ఆమ్లం ఖరీదు, పొగ బెడద అడ్డం. అయినా అమెరికాలో ఇడాహో రాష్ట్రంలోని సన్‌షైన్ వెండి గని 1980లలో ఈ దారి పట్టింది. రాగి, వెండి కలిసిన సల్ఫైడ్ ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఉంచి, అందులో కొద్దిపాటి నత్రజని ఆక్సైడ్లను ఆక్సిజన్ ఒత్తిడితో తిప్పారు. సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని నైట్రిక్ ఆక్సైడ్ అయిన నత్రజనిని ఆక్సిజన్ మళ్లీ పైకి లేపుతుంది. అంటే అక్కడ నిజంగా ఖర్చయ్యేది ఆక్సిజనే. నత్రజని సమ్మేళనాలు మధ్యలో మోతకు మాత్రమే. గాఢ ఆమ్లం చేసే పనిని కొద్దిపాటి నత్రజనితో చేయించుకోవడం తెలివైన ఎత్తు.

పాఠ్యపుస్తకాలు రాసేవారికీ ప్రశ్నపత్రాలు కూర్చేవారికీ ఒక మనవి. నైట్రిక్ ఆమ్లం ఉన్న ఏ సమీకరణంలోనైనా బాణం మీద 'సజల, వేడి' అనో 'గాఢ, వేడి' అనో రెండు మాటలు వేయండి. అవి లేకపోతే విద్యార్థి నేర్చుకునేది కూడిక, తీసివేతే తప్ప రసాయనశాస్త్రం కాదు.

ల్యాబ్‌లో పనిచేసేవారు పట్టించుకోవాల్సినది ఇంకొకటుంది. సీసాన్ని లెడ్ సల్ఫేట్‌గా దించడానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పాటు కాస్త ఆల్కహాల్ వేయమని మాన్యువళ్లు చెబుతాయి. లెడ్ సల్ఫేట్ నైట్రిక్ ఆమ్లంలో కొంత కరుగుతుంది కనుక అంతకుముందే ద్రావణాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తెల్లని పొగలు వచ్చేదాకా ఇగిర్చి నైట్రిక్‌ను తరిమేయాలని కూడా చెబుతాయి. ఈ రెండో మాటను చాలామంది దాటేస్తారు. ఫలితం తప్పడం ఒక్కటే కాదు ఇక్కడి నష్టం: వేడిగా, చిక్కగా ఉన్న నైట్రిక్ ఆమ్లంలో ఆల్కహాల్ పడితే మిశ్రమం ఒక్కసారిగా పొంగి పైకి చిమ్ముతుంది. ఇదే కారణంగా వాడేసిన నైట్రిక్ ఆమ్లాన్ని ఎసిటోన్, ఆల్కహాల్ ఉన్న వ్యర్థాల సీసాలో పోయకూడదు. మరిగించే పనంతా ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. నైట్రోజన్ డయాక్సైడ్ పీల్చినవారికి అప్పటికి కాస్త దగ్గు తప్ప ఏమీ లేనట్టే ఉంటుంది. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం గంటల తరువాత మొదలవుతుంది. అలాంటప్పుడు ఇంటికి వెళ్లి పడుకోకుండా ఆసుపత్రికి వెళ్లి, పీల్చిన వాయువు పేరు డాక్టరుకు చెప్పాలి.